నిమ్మకాయ చట్టం, చక్రాల కుర్చీ

అన్నవరం కొండ మీదో, బెజవాడ దుర్గమ్మ గుడి దగ్గరో కొత్త కారు పూజ చూడని తెలుగువాడు ఉండడు. బానెట్ మీద పసుపు కుంకుమ, అద్దం ముందు పూలదండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పూజారి తలూపగానే బండి మెల్లగా ముందుకు కదులుతుంది, కాయలు చితుకుతాయి, దిష్టి పోయిందని ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుంటారు. అమెరికాలో మాత్రం కారు కొన్నవాడి నోట నిమ్మకాయ మాట వచ్చిందంటే వాడి కొంప మునిగినట్టే. అక్కడి వాడుకలో ‘లెమన్’ అంటే పైకి నిగనిగలాడుతూ లోపల పనికిరాని సరుకు, ఎన్నిసార్లు బాగు చేయించినా మళ్లీ మొరాయించే బండి. 1960లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన బీటిల్ కారు బొమ్మ కింద ఆ ఒక్క మాట అచ్చేసి ప్రకటన ఇచ్చింది. గ్లవ్ బాక్సు దగ్గరి క్రోమ్ పట్టీకి మచ్చ ఉందని ఈ కారును మేమే పక్కన పెట్టేశాం అని కింద చిన్నక్షరాల్లో గొప్ప చెప్పుకుంది. పదేళ్ల తర్వాత జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త ఈ నిమ్మకాయల బజారు మీదే వ్యాసం రాశాడు. సరుకు లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే బజారు మొత్తం ఎలా చెడుతుందో చూపించాడు. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది.

చట్టసభలు ఆ మాటను అందుకోవడానికి 1982 దాకా పట్టింది. కనెక్టికట్ రాష్ట్రంలో జాన్ వుడ్‌కాక్ అనే శాసనసభ్యుడు పట్టుబట్టి మొదటి లెమన్ చట్టం తెచ్చాడు. అందులోని సూత్రం నోటికి వచ్చేంత తేలిక: ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేయించినా పోకపోతే, లేదా అన్ని రిపేర్లూ కలిపి ముప్పై రోజులు కారు షెడ్డులోనే ఉంటే, కంపెనీ వేరే కారన్నా ఇవ్వాలి, డబ్బన్నా వెనక్కివ్వాలి. చూస్తుండగానే మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి.

కారుకు ఈ రక్షణ దొరికిన సుమారు పదేళ్లకు గానీ చక్రాల కుర్చీకి దొరకలేదు. దొరికినప్పుడు కూడా కారు కొలతలతోనే దొరికింది. కారు ఆగిపోతే మనిషి బస్సెక్కుతాడు, పక్కింటివాళ్ల బండి అడుగుతాడు, కాదంటే నడుస్తాడు. కుర్చీ ఆగిపోతే మనిషే ఆగిపోతాడు. ఈ తేడా చట్టానికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. ఆ కాలం కథ తెలియాలంటే కుర్చీ కంటే ముందు కాలి దగ్గరికి వెళ్లాలి.

1861 జూన్ 3న, అమెరికా అంతర్యుద్ధం మొదలైన కొత్తలో, వర్జీనియాలోని ఫిలిప్పీ దగ్గర ఫిరంగి గుండు తగిలి జేమ్స్ ఎడ్వర్డ్ హ్యాంగర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడి కాలు పోయింది. దక్షిణాది సైన్యంలో చేరి రెండు రోజులు కూడా కాలేదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కర్ర కాలు నచ్చక, ఇంటికెళ్లి గదిలో తలుపేసుకుని, పీపా చెక్కలు చెక్కి మోకాలి దగ్గర మడత పడే కాలు తనే చేసుకున్నాడు. అతని పేరుతో మొదలైన కంపెనీ ఇప్పటికీ కృత్రిమ అవయవాల వ్యాపారంలోనే ఉంది. ఆ యుద్ధం ముగిసేసరికి సైనికులకు జరిగిన కాళ్లూ చేతుల కోతలు దాదాపు అరవై వేలని అంచనా. ఊరికొక కాళ్ల కంపెనీ పుట్టుకొచ్చింది. ఓడిన దక్షిణాదిలో మిసిసిపీ రాష్ట్రం 1866లో తన ఆదాయంలో అయిదో వంతు కృత్రిమ అవయవాలకే ఖర్చు పెట్టిందంటే గిరాకీ ఎంతో ఊహించుకోవచ్చు.

ఉత్తరాది సైనికులకు ఫెడరల్ ప్రభుత్వమే డబ్బిచ్చింది. 1862లో కట్టిన ధర కాలికి 75 డాలర్లు, చేతికి 50. 1870లో చట్టం ఇంకో మెట్టెక్కి, అయిదేళ్లకోసారి కొత్త అవయవం తీసుకోవచ్చంది. అంటే చెక్కా తోలూ కలిపి చేసిన కాలు అయిదేళ్లు మన్నుతుందని సర్కారు లెక్క. తొడుక్కుని నడిచేవాళ్లకు ఆ లెక్క కుదరలేదు, 1891లో దాన్ని మూడేళ్లకు దించారు. ఈ అయిదేళ్ల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, కథలో మళ్లీ ఎదురవుతుంది.

ఆ రోజుల ఏర్పాటులో ఇంకో ముచ్చట ఉంది. సర్కారు ఖర్చు మీద కాళ్లు సరఫరా చేయదలచిన కంపెనీ ముందు జామీనుదారులతో పూచీకత్తు పత్రం రాసివ్వాలి. సరుకు బాగుండాలి, పనితనం బాగుండాలి, లోపం బయటపడితే సైనికుడి దగ్గర పైసా తీసుకోకుండా సరిచేయాలి. వారంటీ కార్డు అనే మాట పుట్టకముందే వారంటీ సారమంతా అందులో ఉంది. పైగా డబ్బు కట్టింది సర్కారైనా, తొడుక్కునేది సైనికుడు గనక అతని ఇబ్బందికే కంపెనీ జవాబుదారీ. తర్వాతి వందేళ్లలో పోయింది సరిగ్గా ఈ ముడే.

ఇక కుర్చీ. 1918లో గని ప్రమాదంలో వెన్ను విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్ గనుల ఇంజనీరు. అప్పటి చక్రాల కుర్చీలు చెక్కతో, అల్లిన పేముతో, వరండాలో ముసలాయన కూర్చునే పడక్కుర్చీకి చక్రాలు తొడిగినట్టుండేవి. కారులో పట్టేవి కావు. 1930ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో ఎవరెస్ట్, అతని స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ అనే మెకానికల్ ఇంజనీరు కలిసి ఉక్కు గొట్టాలతో ఒక కుర్చీ చేశారు. సీటు కింద రెండు కడ్డీలు కత్తెరలా అడ్డంగా దాటుకుంటాయి. సీటు గుడ్డను మధ్యలో పట్టి పైకి లాగితే రెండు పక్కలూ దగ్గరకొచ్చి కుర్చీ మడిచిన గొడుగులా అయిపోతుంది. మన జిల్లా ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో, తిరుమల క్యూల దగ్గర ఇప్పటికీ కనిపించే చక్రాల కుర్చీ అదే. తొంభై ఏళ్లుగా ఆ కత్తెర మారలేదు.

ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ కంపెనీ ఆ మడత కుర్చీతో అమెరికా మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ కరెంటు కుర్చీ రూపొందించాక, 1956 నుంచి మోటారు కుర్చీలు పెద్ద ఎత్తున చేసి అమ్మింది కూడా ఈ కంపెనీయే. బరువు చూస్తే మామూలు మడత కుర్చీయే యాభై పౌండ్లు, అంటే సుమారు 23 కిలోలు. ధర కంపెనీ చెప్పినంత. ఆసుపత్రుల్లో రోగిని వార్డు నుంచి ఎక్స్‌రే గదికి తోయడానికి పుట్టిన డిజైనుతో జనం ఊళ్లు తిరగాల్సి వచ్చింది.

తిరిగారు కూడా. పోలియోతో మెడ కింది భాగం చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అతని వెనకే మరికొందరు వచ్చారు. గుట్టల ఊరు, ఎత్తుపల్లాల రోడ్లు, మోటారు కుర్చీలు. రోజూ ఏదో ఒకటి పోయేది: బెల్టు తెగేది, బ్యాటరీ చతికిలబడేది, ముందరి చిన్న చక్రం ఊడి దొర్లిపోయేది. 1970లో ఈ విద్యార్థులు తమ కోసం ఒక కార్యక్రమం పెట్టుకున్నప్పుడు అందించిన సేవల్లో అత్యవసర కుర్చీ రిపేరు ఒకటి. 1972లో పుట్టిన సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్‌ దగ్గరా రిపేరు షాపు నడిచింది. వికలాంగుల హక్కుల ఉద్యమం అనగానే ఊరేగింపులు, ధర్నాలు, కోర్టు కేసులు గుర్తొస్తాయి. రించి, స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఈ షాపుల వాటా కూడా అందులో తక్కువేం కాదు. కుర్చీ నడిస్తేనే కదా ఊరేగింపు కదిలేది!

అదే కాలంలో వాషింగ్టన్‌లో వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నేడర్ బృందంతో పనిచేసిన ఇంజనీరు రాల్ఫ్ హాచ్‌కిస్ చక్రాల కుర్చీల నాణ్యత, ధరల మీద గొంతెత్తాడు. 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత ఆయనా కుర్చీ మీదే తిరిగినవాడు. 1977లో అమెరికా న్యాయశాఖ ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ మీద గుత్తాధిపత్యం దావా వేసింది. అది విచారణ దాకా పోకుండా రాజీతో ముగిసింది. కంపెనీని అంతకంటే గట్టి దెబ్బ కొట్టింది ఒక గ్లైడర్. 1978లో కాలిఫోర్నియాలో హ్యాంగ్ గ్లైడింగ్ చేస్తూ పడిపోయి నడుము కింద చచ్చుబడిన మెరిలిన్ హామిల్టన్, తనకిచ్చిన ఇనప కుర్చీ చూసి గ్లైడర్లు తయారుచేసే ఇద్దరు స్నేహితులకు పని చెప్పింది: అదే అల్యూమినియం గొట్టంతో నాకో కుర్చీ చేసిపెట్టండి. 26 పౌండ్ల కుర్చీ వచ్చింది, అంటే పాతదాని బరువులో సగం. ‘క్వికీ’ పేరుతో రంగు రంగుల్లో అమ్మారు. సరుకు ఇంతకంటే బాగా చేయలేమని అన్నాళ్లూ చెప్పిన మాట ఉత్తదని ఒక్క కుర్చీతో తేలిపోయింది.

పోటీ ధరను దించగలదు, బరువును తగ్గించగలదు. కొన్న కుర్చీ పాడైతే ఎవరిని పట్టుకోవాలో మాత్రం పోటీ చెప్పదు. అది చట్టం పని.

కాలిఫోర్నియా ఈ విషయంలో ముందుంది. 1970లో అక్కడ సాంగ్-బెవర్లీ చట్టం వచ్చింది. సెనేటర్ ఆల్ఫ్రెడ్ సాంగ్ హవాయిలో పుట్టిన కొరియా సంతతివాడు, రాబర్ట్ బెవర్లీ అసెంబ్లీ సభ్యుడు. సంతకం పెట్టిన గవర్నరు రోనాల్డ్ రీగన్. సరుకు అమ్మినవాడు దాని పనితీరుకు జవాబు చెప్పాలన్నది దాని సారం. ఆ దశాబ్దం చివర్లో దానికి వికలాంగుల పరికరాల మీద ప్రత్యేకంగా ఒక సెక్షన్ కలిపారు. ఈ వరుస చట్టాలన్నింటిలో ఆలోచన బాగున్న సెక్షన్ ఏదంటే దీన్నే చూపించాలి.

మామూలు వారంటీ ఏం అడుగుతుంది? వస్తువు బాగుందా లేదా అని. కాలిఫోర్నియా సెక్షన్ ఇంకో ప్రశ్న వేసింది: ఈ వస్తువు ఈ మనిషికి సరిపోయిందా లేదా? వినికిడి యంత్రం ఫ్యాక్టరీ నుంచి ఏ లోపం లేకుండానే రావచ్చు. చెవిలో పెట్టుకుంటే మాట కంటే హోరే ఎక్కువ వినపడవచ్చు. కృత్రిమ కాలి గిన్నె (సాకెట్) పనితనంలో వంక లేకపోవచ్చు, కోసిన కాలి మొండిని రాసి పుండు చేయవచ్చు. కుర్చీ సీటు ఒక అంగుళం ఎక్కువ వెడల్పుంటే కంపెనీ దృష్టిలో అది లోపమే కాదు. కూర్చున్న మనిషి ఒక పక్కకు ఒరిగిపోతూ ఉంటాడు, ఆరు నెలల్లో వెన్ను వంకర తిరుగుతుంది. అందుకే అమ్మేవాడు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలంది ఆ సెక్షన్: ఈ పరికరం మీ ప్రత్యేక అవసరానికి తగినదే, కాదనిపిస్తే అందిన రోజు నుంచో, కొలతలు సరిచేయడం పూర్తయిన రోజు నుంచో, ఏది తర్వాతైతే అక్కడి నుంచి ముప్పై రోజుల్లో వెనక్కి తేవచ్చు. అమ్మినవాడు సరిచేయన్నా చేయాలి, మార్చన్నా మార్చాలి, లేదా డబ్బంతా తిరిగివ్వాలి. ఈ హామీని ఎంత పెద్ద అక్షరాల్లో అచ్చేయాలో కూడా చట్టమే చెప్పింది, పది పాయింట్ల బోల్డ్‌కు తగ్గకూడదని. నాకొద్దు ఈ హక్కు అని కొనేవాడి చేత సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదంది.

ఏది తర్వాతైతే అక్కడి నుంచి అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది. కుర్చీ డెలివరీ ఇచ్చి, కాళ్ల పలకలు తర్వాత బిగిస్తామని రెండు నెలలు తిప్పే డీలరు దగ్గర దాని విలువ తెలుస్తుంది.

జాతీయ స్థాయిలో 1975 జనవరి 4న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో మ్యాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. వారంటీ ఇచ్చి తీరాలని అది ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇస్తే మాత్రం అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అది పూర్తిదో పరిమితమో పైనే చెప్పాలి, మా పార్టులే కొనాలి, మా దగ్గరే రిపేరు చేయించాలి అని మెలిక పెట్టకూడదు. ఈ చివరి మాట కుర్చీల దాకా రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఆ కథ చివర్లో.

1988లో వికలాంగుల సాంకేతిక సహాయ చట్టం వచ్చి, కొనేచోట దొరికే వస్తువైనా, మార్చి చేసిన వస్తువైనా, మనిషి కోసం ప్రత్యేకంగా తయారైన వస్తువైనా, వికలాంగుడి సామర్థ్యాన్ని పెంచేదో నిలబెట్టేదో అయితే చాలు, దాన్ని ‘సహాయక పరికరం’ అంది. ఈ చట్టం కింద రాష్ట్రాల్లో ఏర్పడిన ప్రాజెక్టులకు వచ్చే ఫిర్యాదుల్లో పాత పాటే వినపడేది: కొత్త కుర్చీ, మూడో రిపేరు, నాలుగో నెల. కార్లకు నిమ్మకాయ చట్టం ఉంది కదా, కుర్చీకి ఎందుకు లేదు అన్న ప్రశ్న రాష్ట్రాల శాసనసభలకు చేరింది.

ముందు కదిలిన రాష్ట్రాల్లో విస్కాన్సిన్ ఒకటి. 1990ల ఆరంభంలో మోటారు కుర్చీల మీద అక్కడ చేసిన చట్టం చదవడానికి పొడిగా ఉంటుంది, లెక్కల్లో మాత్రం రసం ఉంది. కంపెనీ వారంటీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఏడాది వారంటీ ఉన్నట్టే. అదే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోయినా, మొత్తం ముప్పై రోజులు కుర్చీ పనిచేయకపోయినా, కొత్తదో డబ్బో ఇవ్వాలి. ఆ లోపు అద్దెకు తెచ్చుకున్న కుర్చీ ఖర్చులూ కట్టాలి. కేసు దాకా పోయి కంపెనీ ఓడితే నష్టానికి రెట్టింపు, పైన వకీలు ఫీజు. వెనక్కి తీసుకున్న కుర్చీని, ఎందుకు వెనక్కొచ్చిందో చెప్పకుండా మరొకరికి అంటగట్టకూడదు.

డబ్బు తిరిగిచ్చేటప్పుడు అప్పటిదాకా వాడుకున్నందుకు కొంత కోసుకోవచ్చు. ఎంత? అదే రాష్ట్రంలో కారు చట్టం ప్రకారం, కారు తిరిగిన మైళ్లను లక్షతో భాగించి ఆ వంతు కోస్తారు. కుర్చీ దగ్గరికొచ్చేసరికి మైళ్లు కుదరవు. వంటింటి నుంచి హాలుకు, హాలు నుంచి గుమ్మానికి ఎన్ని మైళ్లు? అందుకని రోజులు లెక్కపెట్టారు. కింద వేసిన అంకె 1,825. కుర్చీ ధర 18,250 డాలర్లు అనుకుంటే, వందో రోజున మొదటిసారి ఫిర్యాదు చేసిన మనిషికి వెయ్యి డాలర్లు పోయి మిగతాది తిరిగొస్తుంది. పదో రోజునే చెప్పి ఉంటే పోయేది వందే. ఫిర్యాదు చేసిన రోజుతో మీటరు ఆగిపోతుంది, ఆ తర్వాత కంపెనీ ఎన్ని నెలలు సాగదీసినా కోత పెరగదు. సర్దుకుపోదాం లే, అదే కుదురుకుంటుంది లే అనుకునే మొహమాటస్తుడికి ఈ చట్టంలో రోజుకు పది డాలర్ల జరిమానా ఉన్నట్టే.

1,825 అంటే మూడువందల అరవై అయిదును అయిదుతో హెచ్చిస్తే వచ్చేది. సరిగ్గా అయిదేళ్లు. చెక్క కాలికి 1870లో వేసిన ఆయుష్షే మైక్రోచిప్పు ఉన్న కుర్చీకీ పడింది. వృద్ధులకు, వికలాంగులకు ఫెడరల్ ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమాలో కూడా చక్రాల కుర్చీకి సహేతుకమైన ఆయుష్షు అయిదేళ్లే. అంతర్యుద్ధ సైనికులు పోరాడి మూడేళ్లకు దించుకున్న సంగతి ఇక్కడ ఎవరికీ పట్టినట్టు లేదు.

న్యూయార్క్, మిన్నెసోటా, అయోవా, ఫ్లోరిడా, వర్జీనియా ఇలా చాలా రాష్ట్రాలు తమ తమ చట్టాలు చేసుకున్నాయి. కొన్ని మోటారు కుర్చీలతో ఆగాయి. కొన్ని మామూలు కుర్చీలు, వినికిడి యంత్రాలు, మాట్లాడే కంప్యూటర్లు, వ్యాన్లకు బిగించే లిఫ్టుల దాకా పరిధి పెంచాయి. రిపేరు ఆలస్యమైతే తాత్కాలికంగా వేరే కుర్చీ ఇవ్వాలన్న నిబంధన కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు. అసలు చూడాల్సింది దాన్నే. ముప్పై రోజుల తర్వాత డబ్బు వాపసు వస్తుందన్న హామీ ముప్పై రోజులూ మంచం మీద ఉన్నవాడికి ఏం ఊరట? ఒకే భంగిమలో పడుకుంటే తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడటానికి వారం కూడా అక్కర్లేదు. నాలుగు రిపేర్లు, ముప్పై రోజులు అన్న కొలతను కారు చట్టం నుంచి యథాతథంగా దించుకోవడం ఆ శాసనకర్తల బద్ధకమే అనాలి. మైళ్లను రోజులు చేయాలని తట్టినవాళ్లకు, రోజులను గంటలు చేయాలని తట్టలేదు. మసాచుసెట్స్ రాష్ట్రం ఇటీవల వారంటీని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచుతూ, పాడైన కుర్చీని చూడటానికి, బదులు కుర్చీ ఇవ్వడానికి వారాల్లో కాకుండా రోజుల్లో గడువు పెట్టింది. ముప్పై ఏళ్లు ఆలస్యంగానైనా సరైన దిక్కుకు పడిన అడుగు అది.

ఇంకో చిక్కుముడి ఉంది: కొన్నది ఎవరు? కారు షోరూమ్‌లో ఆ సందేహమే రాదు. కుర్చీ విషయంలో మందుచీటీ రాసేది డాక్టరు, కొలతలు తీసేది థెరపిస్టు, తయారుచేసేది ఒక కంపెనీ, అమర్చి ఇచ్చేది డీలరు, డబ్బు కట్టేది మెడికేరో ప్రైవేటు బీమానో. కూర్చునే మనిషి పేరు బిల్లులో అట్టడుగున ఉంటుంది. ఏదైనా తేడా వస్తే తయారీదారు డీలరును చూపిస్తాడు, డీలరు బీమా అనుమతి రావాలంటాడు, బీమావాళ్లు కాగితాలు చాల్లేదంటారు. పైగా మెడికేర్ నిబంధన ప్రకారం కుర్చీ అవసరం ఇంటి లోపలి తిరుగుడుకు ఉందా లేదా అన్నదే చూస్తారు. వీధి చివర అంగడికి వెళ్లడానికి అంటే కుదరదు. అందుకే విస్కాన్సిన్ చట్టం వినియోగదారుడు అన్న మాటకు నిర్వచనం పొడుగ్గా రాసుకుంది: కొన్నవాడు, వారంటీ గడువులో చేతులు మారితే అందుకున్నవాడు, అద్దెకు తీసుకున్నవాడు, వారంటీని అమలు చేయమని అడగగలిగిన ఎవరైనా. సైనికుడి కాలి మీద సర్కారు రాయించుకున్న పాత పూచీకత్తులోని ముడిని ఈ నిర్వచనం మళ్లీ వేసింది.

మన దగ్గరా ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. కాన్పూరులో 1972లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన అలిమ్కో సంస్థ మూడు చక్రాల సైకిళ్లు, చంక కర్రలు, వినికిడి యంత్రాలు తయారుచేస్తుంది. 1981 నుంచి నడుస్తున్న అడిప్ పథకం కింద జిల్లా శిబిరాల్లో వాటిని ఉచితంగానో సబ్సిడీ మీదనో పంచుతారు. ఉచితంగా వచ్చింది గనక అడిగే హక్కు లేదనుకునేవాళ్లే ఎక్కువ. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మూల్యం చెల్లించి కొన్నవాడినే వినియోగదారుడు అంది. ఆ వెంటనే, కొన్నవాడి సమ్మతితో ఆ వస్తువును వాడుకునేవాడినీ కలిపింది. 2019 చట్టంలోనూ ఆ మాట అలాగే ఉంది. కొన్నది ప్రభుత్వం, సమ్మతితో వాడుతున్నది లబ్ధిదారుడు అని వాదించడానికి ఆ ఒక్క వాక్యం చాలు. ట్రైసైకిల్ గొలుసు తెగి ఇంటి ముందు మూలన పడి ఉన్న మనిషికి ఆ వాక్యం సంగతి చెప్పేవాళ్లే కావాలి.

అమెరికా కథలో చివరి అంకం రిపేరు షాపు దగ్గరే జరిగింది. బర్క్లీ విద్యార్థులు రించి పట్టుకుని బాగుచేసుకున్న కుర్చీలో తీగలు, బెల్టులు, రెండు బ్యాటరీలు కనిపించేవి. ఇప్పటి మోటారు కుర్చీలో జాయ్‌స్టిక్ వెనక ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. మోటారు ఎంత వేగంగా అందుకోవాలి, చెయ్యి వణికితే ఆ వణుకును ఎంతవరకు పట్టించుకోకూడదు, మలుపులో ఎంత నెమ్మదించాలి అన్నీ అందులోనే. దాన్ని మార్చాలంటే చేతిలో పట్టే ప్రోగ్రామర్ ఒకటి కుర్చీకి తగిలించాలి. అది డీలరు దగ్గరే ఉంటుంది. వాడేవాడికి అమ్మరు, వీధి మెకానిక్కుకూ అమ్మరు. దేశమంతటా అమ్మకం, రిపేరు చాలావరకు రెండు పెద్ద సంస్థల చేతుల్లోకి పోయాక, అయిదు నిమిషాల సవరింపు కోసం వారాల తరబడి ఎదురుచూడటం మామూలైంది. వారంటీలో ఉన్న కుర్చీదీ, వారంటీ దాటిన కుర్చీదీ ఒకటే వరుస. రిపేరు చేసే మనిషి ఒక్కడే అయితే హక్కు ఎంత గట్టిదైనా అతని వీలును బట్టే అమలవుతుంది.

కొలరాడోలో కుర్చీలు వాడేవాళ్లే ఈ మాట పట్టుకుని శాసనసభకు వెళ్లారు. 2022 జూన్‌లో గవర్నరు జారెడ్ పోలిస్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, మోటారు కుర్చీ తయారీదారు స్పేర్ పార్టులు, పనిముట్లు, సాఫ్ట్‌వేర్, రిపేరు పుస్తకాలు కుర్చీ యజమానికీ బయటి మెకానిక్కులకూ సరైన ధరకు ఇవ్వాలి. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మోటారు కుర్చీల రిపేరు హక్కు మీద దేశంలో అదే మొదటి చట్టం. మా దగ్గరే రిపేరు అన్న మెలిక కుదరదని 1975లో చెప్పిన మాట, తాళం వేసిన కంప్యూటరు ముందు ఇన్నేళ్లు చెల్లలేదు. ఈ చట్టం ఆ తాళం చెవి అడిగింది.

ఆ మరుసటి ఏడాది అదే కొలరాడోలో రైతులు వచ్చారు. ట్రాక్టరు మధ్య పొలంలో ఆగిపోతే, కోత రోజుల్లో కంపెనీ మెకానిక్ వచ్చేదాకా కళ్లు కాయలు కాసేలా చూడాల్సి వస్తోంది, ల్యాప్‌టాప్ తగిలించి ఒక కోడ్ కొడితే తప్ప ఇంజను కదలడం లేదు అని మొరపెట్టుకున్నారు. వాళ్ల కోసం కొత్తగా చట్టం అల్లాల్సిన పని లేకపోయింది. కుర్చీ కోసం ఏడాది ముందు రాసిన నిబంధనలనే శాసనసభ ట్రాక్టర్లకూ, కోత యంత్రాలకూ సాగదీసింది. కారు వదిలేసిన కొలతలు తొడుక్కుని మొదలైన కుర్చీ చట్టం, ట్రాక్టరుకు కొలతలు ఇచ్చే దాకా వచ్చింది. రైతుల చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది, కుర్చీ చట్టానికి సరిగ్గా ఏడాది వెనక.